రెండో రౌండు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. చిన్నప్పుడు అన్న పెట్టిన ‘మిడత’ అన్న పేరు పెళ్ళయినా, ముప్పై తొమ్మిదేళ్ళొచ్చినా వదల్లేదు. సన్నటి పొడుగు కాళ్ళు, ఎప్పుడు ఎగిరి దూకుతుందో అన్నట్టుండే నడక. పొద్దున ఏడింటి నుంచి మూడింటిదాకా పెద్ద ఇస్త్రీ మిషను ముందు నిలబడి తడి దుప్పట్ల అంచు పట్టి రోలర్ల మధ్యకి అందించడం ఆమె పని. రెండో అంచు ఇంకొకామె పట్టుకోవాలి. ఇద్దరి చేతులూ ఒకే వేగంతో కదలకపోతే దుప్పటి వంకరపోతుంది. మిడత ఉన్న చోట ముడత ఉండదని లాండ్రీలో ఒక జోకు.

పరుగు పిచ్చి అంటించింది కూడా అన్నే. అతను ఒకప్పుడు మైలు పరుగులో పెద్ద పోటీలదాకా వెళ్ళాడు. మోకాలు దెబ్బతిని మానేశాడు. ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. పక్క సీట్లో కూర్చుని, తన కాలికింద ఇంకో బ్రేకు ఉంచుకుని, నేర్చుకునేవాళ్ళు ఎంత కంగారుపడ్డా గొంతు పెంచకుండా చెప్పడం అతని గొప్ప. నాలుగేళ్ళ కిందట, లాండ్రీ మెట్లెక్కడానికే చెల్లెలు ఆయాసపడుతుంటే చూసి, “రేపు పొద్దున స్టేడియానికి రా. పరిగెత్తొద్దు, నడువు చాలు” అన్నాడు. నడక పరుగైంది. పరుగు ఆరు నెలలకల్లా వ్యసనమైంది. మొదటిసారి మైలు పరిగెత్తితే తొమ్మిది నిమిషాలు దాటింది. మూడేళ్ళకి అది ఆరూ పదికి వచ్చింది. ఇక ఆరు లోపు రావాలని తిండి దగ్గరా నిద్ర దగ్గరా ఆమెకి అదే ధ్యాస.

“ఆరు నిమిషాల్లో ఎక్కడికెళ్తావే నువ్వు? తిరిగి బయల్దేరిన చోటికే కదా వచ్చేది” అనేవాడు మొగుడు. బస్సు డిపోలో మెకానిక్ అతను. పైకి అలా అంటూనే, తెల్లారకముందే ఆమెకంటే ముందు లేచి టీ పెట్టి ఉంచేవాడు.

మైలంటే స్టేడియంలో నాలుగు రౌండ్లు, పైన తొమ్మిది మీటర్లు. ఆరు లోపు ముగియాలంటే ఒక్కో రౌండూ ఎనభై తొమ్మిది సెకన్లకి రావాలి. మొదటి రౌండు ఎనభై నాలుగుకి పోతే అప్పుడు గాల్లో తేలినట్టుంటుంది, మూడో రౌండులో కాళ్ళు సీసమవుతాయి. అందుకని మంగళవారాలు ఆరుసార్లు ఒక్కో రౌండు, మధ్యలో తొంభై సెకన్ల నడక. శనివారాలు సగం రౌండ్లు. మిగతా రోజులు కబుర్లు చెప్పుకునేంత నెమ్మది పరుగు. ఇదంతా అన్న వేసిన పద్ధతే.

రెండేళ్ళ కిందట ఆసుపత్రి మందుల కౌంటర్లో కూర్చునే అమ్మాయి వాళ్ళతో చేరింది. మిడతకంటే ఐదేళ్ళు చిన్న. అన్నని ‘మాష్టారూ’ అనేది, ఈమెని ‘అక్కా’ అనేది. చలిలో చేతులు కొంకర్లు పోతే అక్క చేతి తొడుగులు తను వేసుకునేది, షిఫ్టు మారితే అక్క కోసం తన డ్యూటీ సర్దుకునేది. చెల్లెలు లేని లోటు మిడతకి ఆ అమ్మాయితో తీరింది.

ఈ ఏడాది ఎండలు తగ్గాక స్టేడియంలో మామూలు ఉద్యోగస్తులకి మైలు పోటీ పెట్టారు. ఇద్దరికీ ఆరు లోపు రావాలి. స్టేడియం అవతలి వైపు గ్యాలరీ లేదు, ఎదురుగాలి నేరుగా తగులుతుంది. ముందు పరిగెత్తేవాళ్ళు గాలికి అడ్డుగా ఉంటే వెనకున్నవాళ్ళకి ఊపిరి మిగులుతుంది. అందుకే అన్న ముందే పంచాడు: “మొదటి రౌండూ మూడోదీ మిడత ముందుండి లాగాలి. రెండోది అమ్మాయి లాగాలి. రెండోదాంట్లో మిడత వెనక ఉండి ఊపిరి దాచుకుంటేనే మూడోది లాగగలదు. నాలుగోది ఎవరి దమ్ము వాళ్ళది.”

పోటీ రోజు బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నప్పుడు ఆ అమ్మాయి మిడత మోకాలి మీద చెయ్యేసి, “రెండోది నాది. గుర్తుందక్కా” అంది.

పదకొండు మంది బయల్దేరారు. మిడత ముందుకెళ్ళి మొదటి రౌండు గీత గీసినట్టు ఎనభై తొమ్మిదికి తెచ్చింది. గీత దాటగానే కాస్త కుడికి జరిగి దారి ఇచ్చింది. అమ్మాయి రాలేదు. వెనక రెండడుగుల దూరంలో ఆమె ఊపిరి వినిపిస్తూనే ఉంది. మోచేత్తో సైగ చేసింది. రాలేదు. అవతలి వైపు గాలి మొహాన కొట్టింది. అక్కడ గడియారం పట్టుకుని అన్న నిలబడి ఉన్నాడు. అతనే ఆ అమ్మాయిని ముందుకి రమ్మని కేకేస్తాడనుకుని అటు చూసింది. అతను గడియారంలోకి చూస్తూ, “బాగుంది, అలాగే పో” అన్నాడు.

ఇంకేం చేస్తుంది? పోయింది. రెండోది కూడా తనే లాగింది. మూడోది తొంభై ఒకటి పడింది. నాలుగో రౌండు చివర, ముగింపు గీత ఎనభై మీటర్ల దూరంలో కనబడుతుండగా, పక్కనుంచి ఏదో నీడ కదిలినట్టు ఆ అమ్మాయి దాటిపోయింది. ఆమెకి ఐదూ యాభై ఎనిమిది. మిడతకి ఆరూ ఒకటి.

“రెండోదాంట్లో కాళ్ళు రాలేదక్కా” అంటూ వచ్చి కావలించుకుంది. రెండో రౌండులో రాని కాళ్ళు నాలుగో రౌండుకి ఎక్కడినుంచి వచ్చాయని అడగడానికి మిడతకి నోరు రాలేదు. వీపు తట్టి, “పోనీలే, నీకైనా వచ్చింది” అంది. అన్న ఆ అమ్మాయి చెయ్యి పట్టి పైకెత్తి నవ్వుతున్నాడు. అతను అలా నవ్వగా చూసి చాలా ఏళ్ళయింది.

ఆసుపత్రిలో లిఫ్టు పక్కన ఆ అమ్మాయి ఫోటో పెట్టారు. దుప్పట్ల ట్రాలీ రోజుకి ఆరుసార్లు దాని ముందునుంచే పోవాలి. మొదటి రెండు రోజులూ మిడత మనసుకి సర్దిచెప్పుకుంది. ఆ తర్వాత ట్రాలీ తోసుకుంటూ తల దించుకోవడం మొదలుపెట్టింది.

పది రోజుల తర్వాత, డ్యూటీ దిగేసరికి గేటు దగ్గర అన్న డ్రైవింగ్ స్కూలు కారు ఉంది. “మధ్యలో ఒక గంట ఖాళీ దొరికింది. ఎక్కు, ఇంటి దగ్గర దింపుతా” అన్నాడు. కారు కదలకముందే ఆమె కడుపులో ఉన్నది బయటపడింది.

“ఆ పిల్ల నన్ను వాడుకుందన్నా. కావాలనే వెనక ఉండిపోయింది. అక్కా అక్కా అంటూనే మోసం చేసింది.”

అన్న ఇంజను ఆపేశాడు.

“ఆమెనేం అనకు. నేనే చెప్పాను.”

“ఏం చెప్పావు?”

“రెండోదాంట్లో ముందుకి రావద్దన్నాను. చివరి వంపుదాకా నీ వెనకే ఉండమన్నాను.”

నేర్చుకునేవాళ్ళకి గేరు గురించి చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అదే గొంతు. మిడతకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని వైపు తిరిగింది.

“ఎందుకు?”

“నెల రోజుల టైములు చూశాను. నువ్వు ఆరూ ఒకటి, ఆరూ రెండు దగ్గర ఆగిపోయావు. రెండోది ఆమె లాగితే ఇద్దరికీ ఆరు నిమిషాలు దాటిపోయేది. నువ్వే లాగితే ఒకరికైనా వస్తుంది. నేను తయారుచేసినవాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆరు లోపు రావాలని నాకుండదా?”

“నాకు చెప్పలేదే?”

“చెబితే నువ్వు లాగుతావా?”

“అడిగుంటే లాగేదాన్నన్నా” అంది మిడత. “నువ్వు అడిగితే నాలుగూ లాగి, చివర్లో పక్కకి తప్పుకుని దారిచ్చేదాన్ని.”

ఆమె తలుపు తీసుకుని దిగి, మూడు కిలోమీటర్లూ నడిచి ఇంటికెళ్ళింది.

మొగుడు విని చేతులు తుడుచుకుంటున్న గుడ్డ అలాగే విసిరికొట్టాడు. “పద, బావని నేనడుగుతా.”

“ఏమని అడుగుతావు? ఆయన లెక్క తప్పని చూపించగలనా నేను? అదే కదా నా ఏడుపు” అంది.

మర్నాడు మందుల కౌంటరు అమ్మాయి లాండ్రీ గుమ్మం దగ్గరికి వచ్చింది. సంగతి బయటపడిందని అన్న చెప్పినట్టున్నాడు. “మాష్టారు చెబితే కాదనలేకపోయానక్కా.”

“ఆయన చెప్పాడు, సరే. రెండోది నాది అని నా మోకాలి మీద చెయ్యేసి అన్నావే, అది కూడా ఆయనే చెప్పమన్నాడా?”

అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మిడత దుప్పటి అంచు అందుకుని మిషను వైపు తిరిగింది.

స్టేడియానికి వెళ్ళడం మానేసింది. బస్సు డిపో వెనక ఖాళీ మైదానంలో మొగుడు టేపుతో కొలిచి, సున్నంతో రౌండు గీశాడు. “ఎక్కడా ఒక్క అంగుళం తేడా రాదు, బస్సు ఇరుసు కొలిచే చెయ్యి ఇది” అని భరోసా ఇచ్చాడు. డ్యూటీ దిగి సాయంత్రాలు అక్కడే పరిగెత్తింది. టైము పక్కనుంచి చెప్పనివ్వలేదు, మొగుణ్ణి కూడా. తన చేతి గడియారం తను చూసుకోవడమే.

మొదటి నెలంతా కసే. ‘ఆగిపోయావు’ అన్న మాట చెవిలో మోగగానే కాళ్ళు వాటంతటవే దూకేవి. మొదటి రౌండు ఎనభై మూడు, మూడోది తొంభై తొమ్మిది. మొత్తం ఆరూ పదకొండు. ఏడాది వెనక్కి పోయినట్టయింది. ఒకసారి రౌండు మధ్యలోనే గడ్డిమీద కూలబడి, పరుగు వల్లో ఏడుపు వల్లో తెలియకుండా రొప్పింది.

రెండో నెలలో తనకి తనే ఒక పద్ధతి వేసుకుంది. రెండు రౌండ్లు ఎనభై తొమ్మిదికి పరిగెత్తి, ఒక్క నిమిషం నిలబడి, ఆ అలసట మీదే ఇంకో రౌండు ఎనభై ఎనిమిదికి. అంటే మూడోదాన్ని విడిగా మచ్చిక చేసుకోవడమన్నమాట. అన్న గుర్తొచ్చిన రోజున గడియారం పెట్టుకోకుండా ఊరికే మెల్లగా పరిగెత్తి వచ్చేసేది. నాలుగో నెలకి ఎనభై తొమ్మిది అంటే ఎంతో గడియారం చూడకుండానే కాళ్ళకి తెలిసిపోయింది.

చలి ముదిరాక స్టేడియంలో మరో పోటీ పెట్టారు. మందుల కౌంటరు అమ్మాయి బయల్దేరే గీత దగ్గర పక్కకొచ్చి, “ఈసారి నాలుగూ నేను లాగుతానక్కా. నా వెనక ఉండు” అంది.

“వద్దు. నీ పరుగు నువ్వు పరిగెత్తు” అని రెండు వరసలు అవతలికి వెళ్ళి నిలబడింది.

మొదటి రౌండులో ఏడుగురు ముందుకి పోయారు. ఆమె కదల్లేదు. ఎనభై తొమ్మిది. రెండోది ఎనభై తొమ్మిది. అవతలి వైపు ఎదురుగాలిని తనే కాసుకుంది. మూడోదాంట్లో ఒక్కొక్కరే వెనక్కి జారుతుంటే వాళ్ళని దాటుకుంటూ తొంభై. నాలుగోదాంట్లో ఏం జరిగిందో ఆమెకి సరిగ్గా గుర్తులేదు, గొంతులో రక్తపు రుచి తప్ప. మూడో స్థానం. ఐదూ యాభై తొమ్మిది.

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఉండగా భుజమ్మీద చెయ్యి పడింది. అన్న. కంచె అవతలినుంచి చూసినట్టున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

“నాకు తెలుసు” అన్నాడు. పక్కనున్న ఇద్దరు ముగ్గురికి కూడా వినబడేలా, “నా చెల్లెలు. అప్పుడు నేనలా చేశాను కాబట్టే ఆ కసి పుట్టింది. కసి లేకపోతే ఈ టైము వచ్చేదా?” అన్నాడు.

మిడత నెమ్మదిగా నిటారుగా నిలబడింది. ఊపిరి ఇంకా అందడం లేదు. అందేదాకా ఆగింది.

“కసితో పరిగెత్తింది మొదటి నెల. అప్పుడొచ్చింది ఆరూ పదకొండు” అంది. “నిన్ను పక్కన పెట్టాకే ఇది వచ్చింది. ఇందులో నీది ఏమీ లేదన్నా.”

అన్న చెయ్యి భుజమ్మీదనుంచి తీసేశాడు. అతను అంత చిన్నబోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఓదార్పు మాట ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. నాలుగేళ్ళు తెల్లవారుజామునే లేచి తనకోసం నిలబడిన మనిషి. కానీ ఓదారిస్తే అది కూడా అతని ఖాతాలోనే పడుతుందనిపించింది. మొగుడు స్వెట్టరు తెస్తుంటే అటు నడిచింది.

అన్న ఇప్పటికీ ఇంటికి వస్తాడు. ఆమె టీ ఇస్తుంది, మోకాలు ఎలా ఉందని అడుగుతుంది, డ్రైవింగ్ స్కూల్లో కారు గోడకి గుద్దినవాళ్ళ కబుర్లకి మనస్ఫూర్తిగానే నవ్వుతుంది. “ఇప్పుడెంతకి పరిగెడుతున్నావే?” అని అతను ఎప్పుడైనా అడిగితే, “ఏదోలే” అని కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోతుంది.