గేటు పుస్తకంలో అమ్మ పేరు

క్రాంజీ సైనిక క్యాంపులో నేను దిగింది సోమవారం, ఉదయం ఏడున్నరకు. వాన అప్పుడే ఆగింది. ఎర్రమట్టి బూట్ల పైదాకా అంటుకుంది. రెండు జతల యూనిఫాం, ఒక రైఫిల్, ఒక ఇనుప మంచం ఇచ్చారు. వైర్‌లెస్ సెట్ అప్పగించారు. గంటకోసారి "అంతా క్షేమం" అని చెప్పడమే పని.

ఈ దేశంలో పర్మనెంట్ రెసిడెన్సీ తీసుకున్నవాళ్ళ కొడుకులు రెండేళ్ళు సైన్యంలో చెయ్యాలి. తీసుకున్నది నాన్న. ఐటీ జోరు మీదున్న రోజుల్లో మమ్మల్ని కాకినాడ నుంచి తెచ్చి యూ టీ అనే పేటలో ఫ్లాట్ కొన్నాడు. తర్వాత ప్రాజెక్టు మీద సిడ్నీ వెళ్ళి, అక్కడే మరొకామెతో కాపురం పెట్టాడు.

అమ్మ విడాకులు ఇక్కడే తీసుకోవాలనుకుంది. కాకినాడ కోర్టయితే నాన్న తరఫు వాళ్ళంతా వచ్చి కూర్చుంటారని భయం. ఇద్దరిలో ఒకరైనా మూడేళ్ళుగా ఇక్కడే కాపురమున్నట్టు చూపాలన్నాడు లాయరు. అమ్మమ్మ తుంటి విరిగినప్పుడు అమ్మ ఎనిమిది నెలలు కాకినాడలో ఉండిపోయింది. గొడవ లేకుండా, తిరిగొచ్చిన రోజు నుంచే లెక్కేద్దామన్నాడు. నేను క్యాంపులో చేరేనాటికి ఏడాదైంది. ఇంకా రెండేళ్ళు. నావీ రెండేళ్ళే.

ఆదివారం డ్యూటీ పడితే అమ్మ మూడింటికి గేటు దగ్గరికి వచ్చేది. స్టీలు డబ్బాలో మాగాయ అన్నం, ఆమ్లెట్. గేటు కాపలా సిపాయి సెట్‌లో నన్ను పిలిచేవాడు.

"సిగ్నల్, గేటు. నీ మదర్ వచ్చింది లా. మకాన్ నాకూ కొంచెం ఉంచు." ఇక్కడివాళ్ళకి మకాన్ అంటే తిండి, లా ఊతపదం.

పది నిమిషాలు. అమ్మ "తినరా" అనేది, తినేవాణ్ణి. నాన్న ఊసెత్తేవాళ్ళం కాదు. నాకేమీ అనిపించేది కాదు. అదే మేలనుకున్నాను.

చివరి నెలలో లాయరు రుజువులడిగాడు. ఫ్లాటు, కరెంటు, ఫోను అన్నీ నాన్న పేరు మీదే. అమ్మ పాస్‌పోర్టులో తిరిగొచ్చిన రోజు ముద్ర ఉంది కానీ, ఇక్కడే ఉంటున్నట్టు ఇంకేదైనా తెమ్మన్నాడు. నాకు, చూడ్డానికి వచ్చినవాళ్ళు పేరు రాసే గేటు పుస్తకం గుర్తొచ్చింది. మేమంతా ఎన్‌చిక్ అని పిలిచే మలయ్ వారంట్ ఆఫీసర్‌ని అడిగాను. ఆయనే పేజీలు తిప్పాడు.

పేరు: వెంకటరమణ. బంధుత్వం: తల్లి. సమయం: మూడూ పది.

అమ్మ వచ్చిన ప్రతి ఆదివారం అంతే.

"ఎవరీ వెంకటరమణ?"

"మా నాన్న, ఎన్‌చిక్."

"ఎప్పుడొచ్చాడు?"

"ఎప్పుడూ రాలేదు."

ఆయన పుస్తకం మూశాడు. "ఇది బయటికివ్వను. మీ అమ్మను నా కళ్ళతో చూశాను కదా, ఉత్తరం రాసిస్తాను." రాసిచ్చాడు. లాయరు సరిపోతుందన్నాడు.

ఇంటికెళ్ళి అమ్మనడిగాను.

"ఆఫీసోళ్ళు పేరడిగితే ఇంటాయన పేరే కదరా రాస్తాం? నేనెప్పుడూ అంతే."

కోపం వచ్చింది. చాలా నెలల తర్వాత నాకు ఏదైనా అనిపించడం అదే మొదటిసారి. ఎవరి మీదో తెలియలేదు.

ఆఖరి రోజు శుక్రవారం. పదకొండింటికి రైఫిల్, సెట్ అప్పగించాను. కేసు కాగితాల మీద అమ్మ సంతకానికి అటునుంచి అటే ఇద్దరం లాయరు దగ్గరికి వెళ్ళాలి. అమ్మ గేటు దగ్గరుంది. సిపాయి అలవాటుగా పుస్తకం జరిపాడు. ఆమె చెయ్యీ అలవాటుగానే నాన్న పేరులో మొదటి అక్షరం వేసేసింది. ఆగింది.

"ఇక్కడ నా పేరు రాయొచ్చంటావా?"

"రాయమ్మా."

ఆ అక్షరం కొట్టేసింది. పక్కన సుభద్ర అని రాసింది, మెల్లగా, మధ్యలో ఒకసారి నా వంక చూసి.

ఆ రైఫిల్ నంబరు ఇప్పుడు గుర్తులేదు. కొట్టేసిన ఆ అక్షరం మాత్రం కళ్ళముందు అలాగే ఉంది.