సరళాదేవి పట్టుకున్న తోక

కొండల్‌రావు కోపం సంగతి చొప్పదండిలో అందరికన్నా బాగా తెలిసింది ఆయన భార్య సరళాదేవి ఎడమచెంపకే.

ఎనభై ఏడులో ఆయన రేడియో రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాన్ని బొంబాయి నుంచి తెప్పించి, ఇంజన్ తనే బిగించాడు. కోతలైన మడిలో భార్యను తోక పట్టుకోమన్నాడు. రిమోట్ మీది థ్రాటిల్ మీటను కిందికి లాగితే ఇంజన్ గాలిరంధ్రం మూసుకుని వేగం తగ్గాలి. అది బార్లా తెరుచుకోవడం సరళాదేవి చూసింది.

"గా మీట ఉల్టా పనిజేస్తున్నదండీ, జర చూడుండ్రి," అంది.

"నువ్వు నాకు నేర్పుతవా?" చెంప ఛెళ్లుమంది.

మీటను కిందికే ఉంచి ఆయన విమానం ముక్కుకున్న పంకాను చేత్తో తిప్పాడు. ఇంజన్ ఒక్కసారిగా గర్జించి, విమానం ఆయన మీదికే దూకబోయింది. సరళాదేవి మోకాళ్ల మీద కూలబడి తోకను రొమ్ముకు అదుముకుంది. ఇంజన్ ఆపుదామని ఆయన పంకా మీదుగా కుడిచెయ్యి చాపాడు. ఆమె ముఖమంతా రక్తం చిమ్మింది. రెండు వేళ్లు తెగి కోసిన వరి కొయ్యకాళ్లలో పడ్డాయి.

వాటిని ఏరి కొంగున కట్టుకుని, ఆయన్ని జీపులో కరీంనగర్ ఆసుపత్రికి చేర్చింది. అవి అతకలేదు.

స్పృహ రాగానే కొండల్‌రావు ఆమెను దగ్గరికి పిలిచాడు.

"ఉల్టా ఉన్నదని గట్టిగ చెప్పొద్దా?" అన్నాడు.

కుడిచేతికి కట్టు ఉంది. ఈసారి మండింది ఆమె కుడిచెంప.