మెడ బొత్తాం కోసం మద్రాసుకు

మా ఇంట్లో మగవాళ్లకు మెడ ఉండదు, మూపురమే. నాన్న పెళ్లి ఫొటోలో టై ముడి పక్కనుంచి తెరుచుకున్న బొత్తాం ఇప్పటికీ తొంగి చూస్తుంది. నేను సూళ్లూరుపేటలో డ్రిల్లు మాస్టారిని. మీసాలొచ్చాక ఏ చొక్కాకూ పై బొత్తాం పెట్టి ఎరగను. నాన్న లేడు గనక, వచ్చే ఆదివారం తిరువొత్తియూరు చర్చిలో పెళ్లికూతురయ్యే చెల్లెలు రూతును చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది నేనే. ఫోనులో ఒకటే షరతు పెట్టింది.

"తెల్ల చొక్కా, టై, బూట్లు. నాన్న మాదిరి బొత్తాం తెరుచుకోనొస్తే నీ చెయ్యి పట్టుకోను, పో!"

మొన్న శనివారం పొద్దున్నే ఆరున్నర లోకల్ ఎక్కాను. టికెట్టు చవకే, కిటికీ సీటే కష్టం. పొన్నేరిలో పూలగంపలు, ఎన్నూరులో చేపల గంపలు ఎక్కాయి. చేపలామె గంప కాళ్ల దగ్గర పెట్టుకుని, "ఏడికన్నా?" అంది.

"చొక్కా కొనడానికి."

"మీ ఊర్లో సొక్కాయిలు లేవా?"

"ఉండాయి. నా మెడకే లేవు."

ఆమె నా మెడ చూసి ఇంక వాదించలేదు.

తిరువొత్తియూరులో రూతు ఎక్కింది. అక్కడే ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సు. తొమ్మిదింటికల్లా సెంట్రల్ దగ్గర ఇడ్లీ, వడ, కాఫీ అయ్యాయి. మీరూ తినే బయల్దేరండి, ఆకలి మీద చూస్తే ఏ చొక్కా అయినా నచ్చేస్తుంది. బట్టల కొట్లుండే సౌకార్‌పేట మొదటిదాకానే ఆటో. లోపల సందుల్లో మనిషికి మనిషి దారివ్వడమే గొప్ప.

ప్రతి కొట్లోనూ నేను దర్జాగా అడిగింది నలభై నాలుగు. నా ఛాతీ అన్ని అంగుళాలు, కసరత్తు చేసి పెంచింది మరి. ప్రతి చొక్కా ఛాతీ మీద బాగానే కూర్చుంది, పై బొత్తాం దగ్గరికొచ్చేసరికి గుటక పడలేదు. మూడో కొట్టు యజమాని తెలుగాయన. ఓపిక అయిపోయి, "ఇదే పెద్దదన్నా. టైతో మూసేయండి, ఎవురు చూస్తారు?" అన్నాడు.

"నేను చూస్తా," అంది రూతు.

ఆయన భుజం మీది టేపు లాక్కుని నా మెడ చుట్టూ వేసింది. పసిపిల్లల తలలు కొలిచే చెయ్యి, టేపును అలవాటుగా సెంటీమీటర్ల వైపు తిప్పింది. "నలభై ఆరు," అంది. తర్వాత ఏమనుకుందో, చొక్కా కాలర్‌ను పరిచి, బొత్తాం నుంచి కాజా దాకా కొలిచింది. సరిగ్గా నలభై నాలుగు.

"అయ్యో అన్నా! ఈ నెంబరు నీ ఛాతీది కాదు, మెడది! అదీ సెంటీమీటర్లలో!"

యజమాని పకపకా నవ్వాడు. "ఛాతీదైతే కాలర్‌లో ఎందుకేస్తారన్నా?"

పెద్ద మెడల సోదరులారా, ఇది గుర్తు పెట్టుకోండి. నా ఛాతీ అంగుళాలూ ఆ నెంబరూ ఒకటే కావడంతో ఇన్నాళ్లూ నేనే నా పీక నొక్కుకున్నాను. ఆ మాట ఒప్పుకోవడానికి డ్రిల్లు మాస్టారికి కాస్త సమయం పట్టింది.

"నలభై ఆరు ఈడ రాదు. మౌంట్ రోడ్డులో పెద్ద సైజుల కొట్టుంది, ఆడ కండిప్పా దొరుకుద్ది, గ్యారంటీ," అన్నాడాయన. ఆ మంచి మాటకు ఆయన దగ్గరే ముదురెరుపు టై కొని, సెంట్రల్‌లో మెట్రో ఎక్కి, చెమట పట్టకుండా మౌంట్ రోడ్డు చేరాం.

అక్కడ నలభై ఆరులో తెల్లదొకటి, నీలందొకటి ఉన్నాయి. అద్దాల గదిలోకెళ్లి తెల్లది తొడిగాను. ఒళ్లంతా షామియానాలా వేలాడింది. ఊపిరి బిగబట్టి బొత్తాం లాగాను. లాగనక్కర్లేదు, అదే వచ్చి కాజాలో పడింది! గొంతు పనిచేస్తోందో లేదోనని ఆ అద్దాల గదిలోంచే "అటెన్షన్!" అని ఒక్క కేక పెట్టాను. బయటికొస్తే కౌంటరు కుర్రాళ్లందరూ నిటారుగా నిలబడి ఉన్నారు.

రూతు మాత్రం నవ్వలేదు. బొత్తాం మీద వేలు పెట్టి, "నాన్నకూ ఇదే సైజు ఉండేదేమోన్నా," అంది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

రెండు చొక్కాలకూ పక్కలు లోపలికి కుట్టి, చేతులు కురచ చేసేలోగా భోజనం చేసొచ్చాం. మీరూ ఇంతే చెయ్యండి, మెడకు కొనుక్కుని ఒంటికి కుట్టించుకోండి. బూట్ల కొట్లుండే పెరియమేడులో లేసుల నల్ల బూట్లు తొడిగి నాలుగడుగులు కవాతు చేశాను. పొద్దుట్నించీ నడిచిన కాళ్లకు కూడా పట్టాయంటే పెళ్లినాడు ఢోకా లేదు.

సాయంత్రం లోకల్లో నీలం చొక్కా వేసుకునే కూర్చున్నాను. బళ్లో రోజూ టై కట్టిన పిల్ల గనక రూతు ముడి నేర్పింది. తిరువొత్తియూరులో దిగి, కిటికీ దగ్గరికొచ్చింది.

"ఆదివారం నీ చెయ్యే పట్టుకుంటాన్నా, సెరియా?"

తల ఊపాను. కాలర్ పూర్తిగా మూసి ఉన్నా తల సుఖంగా ఊగింది.

బండి కదిలాక ముడి విప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఎదుటి సీట్లో పొద్దుటి చేపలామె, ఖాళీ గంపతో.

"సిక్కినట్టుందే సొక్కాయి! ఏందన్నా, కాలర్ ఎగరేసినావు?"

"టై కట్టాలంటే ముందు కాలర్ ఎగరెయ్యాలమ్మా," అన్నాను.

ఎన్నూరులో ఆమె దిగేలోపే ముడి కుదిరింది. కాలర్ మాత్రం సూళ్లూరుపేట వచ్చేదాకా దించలేదు.