బోర్లించిన మగ్గు

పనివారందరూ ఆయనను ముక్కాయన అని పిలిచేవారు. బావమరిది నడిపే చిన్న బ్రూవరీలో బీరు కాచడం, రుచి చూడడం ఆయన పని. ఏటా చలి ముదిరే రోజులలో మాత్రమే అక్కడ తయారయ్యే నల్ల బీరు ఆయన సృష్టే. మొలకెత్తించిన బార్లీ మాల్టును ఎంత వేయించాలో, చేదునిచ్చే హాప్స్ పువ్వులు ఎప్పుడు వేయాలో తెలుసుకోవడానికి ఆయన ఎన్నో వాయిల బీరు పారబోశారు. బీరు సిద్ధమైన నాడు బార్ల యజమానులు వచ్చి వరుసగా నిలబడేవారు. ఆయన ఒక మగ్గు తాగి, దానిని బల్లమీద బోర్లిస్తేనే పీపాలు బండెక్కేవి.

కిందటి చలికాలంలో ఆ బీరుకు ఒక పోటీలో బహుమతి లభించింది. వెంటనే సీసాలమీద బావమరిది ఫొటో వెలిసింది. ఇదేమని ముక్కాయన అడిగినందుకు భోజనాల గదిలో, పనివారందరి ఎదుట, బావమరిది నుంచి సమాధానం వచ్చింది.

“మా బావ ముక్కుకి పింఛను ఇచ్చేశాం. రేపట్నుంచి సీసాలు కడుగుతాడు. ఏం బావా, నీళ్ల వాసనైనా తెలుస్తుందా?”

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి ఇంటికి వచ్చేశారు. భార్య తమ్ముణ్ణి తిట్టబోయిన ప్రతిసారీ ఆయనే వారించేవారు.

“తిట్టకు. తిడితే చల్లారిపోతుంది. ఉండనీ.”

మళ్లీ చలికాలం వచ్చింది. ముక్కాయన మగ్గు బోర్లించనిదే సరుకు ముట్టుకోబోమని బార్ల యజమానులు తేల్చి చెప్పడంతో, బావమరిదికి ఆయన గుమ్మం తొక్కక తప్పలేదు.

“ఏదో సరదాకన్నాను బావా. మనసులో పెట్టుకున్నావా ఏంటి?”

“ఛ, మనలో మనకి పట్టింపులేంటిరా! వస్తాలే.”

బీరు సిద్ధమైన నాడు, యజమానులందరి ఎదుట, మగ్గు మంచులా చల్లగా చేతికందింది. ఆయన దానిని రెండు అరచేతుల మధ్య ఉంచుకుని వెచ్చబడేదాకా ఆగారు. అప్పుడు తెలిసింది: పాత వెన్న వాసన. తొందరపడి బీరును, దాన్ని పులియబెట్టే ఈస్టు నుంచి ముందుగా వేరుచేస్తే మిగిలిపోయే వాసన అది. చల్లదనంలో దాగి, వెచ్చదనంలో బయటపడుతుంది. తొట్టెలలోని బీరులో ఇంకా కొంత ఈస్టు మిగిలే ఉంది; మరికొన్నాళ్లు వెచ్చని గదిలో ఉంచితే దోషం పోయేది. ఒక్క మాట చెబితే ఏడాది పంట నిలిచేది. చెప్పకపోతే బ్రూవరీతో పాటు తన మాటకున్న విలువ కూడా పోతుందని ఆయన ఎరుగుదురు.

బావమరిది చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఆయన కొంతసేపు ఆ దృశ్యాన్ని చూశారు. పిమ్మట మగ్గు ఖాళీ చేసి, టక్కున బోర్లించారు.

“చూశారా! మా బావ బంగారమండీ!” అని బావమరిది కేక పెట్టాడు.

వెచ్చని బార్లలో ఆ బంగారం కంపుకొట్టింది. తాగేవారు మగ్గులు పక్కకు నెట్టారు. పీపాలు వెళ్లిన దారినే తిరిగివచ్చాయి. బ్రూవరీకి తాళం పడిన నాడు, బార్ల యజమానులలో పెద్దవాడు ముక్కాయన ఇంటికి వచ్చాడు.

“పెద్దాయనా, మీకు తెలీలేదా? తెలిసే చేశారా?”

“తెలిసే.”

“వాడిమీద కోపముంటే వాడి చెంప పగలగొట్టండి. మధ్యలో మేమేం చేశామయ్యా?”

ముక్కాయన అతనికి కుర్చీ జరిపారు. అతను కూర్చోలేదు.

“ఇంక మీ మగ్గుని ఈ ఊళ్లో కుక్క కూడా నమ్మదు.”

“నమ్మొద్దు. మీ బార్లో ఆ బీరు ఇంకేమైనా మిగిలిందా?”

మిగిలింది. ఆ సాయంత్రం ఆయన ఆ బార్లోని పొయ్యి పక్కన కూర్చుని, మగ్గును బాగా వెచ్చబడనిచ్చి, చుక్క మిగల్చకుండా తాగారు. అంత చెడ్డ బీరును అంత తీరికగా, అంత ఇష్టంగా తాగిన మనిషిని తానెన్నడూ చూడలేదని ఆ యజమాని చాలాకాలం చెప్పుకున్నాడు.