బుడ్డోని జాతి

మదనపల్లెలో చెప్పులు బేరమాడుతుంటే తోలు వాసన గుప్పుమంది.

నా చిన్నప్పుడు పుంగనూరులో మాది ఇనుప సామాన్ల అంగడి. వేరుశనగ చేలను తొక్కే అడవిపందుల కోసం రైతులు బాణపు ములుకులు కొనేవాళ్లు. ముందుగా తడి ఇసుక మూటకు గొర్రెతోలు చుట్టి, బాణం ఎంత దిగుతుందో వేసి చూసేవాళ్లు.

ఒకరోజు నాయన కొత్తగా తెచ్చిన తోలు మీద నల్లమచ్చ చూశాను. "నాయనా, మన బుడ్డోని మచ్చ మాదిరే ఉండాదే!" బుడ్డోడు నా పొట్టేలు. మేతకు పెద్దపంజాణిలో అవ్వ దగ్గరికి పంపామన్నారు. నాయన మచ్చ లోపలికి పోయేలా తోలు తిప్పి మూటకు చుట్టాడు.

బాణం వేసిన రైతు, "సగం కూడా దిగల్యా గదప్పా, రేటు తగ్గించు," అన్నాడు.

"ములుకుది తప్పు కాదన్నా, తోలు గట్టిది. మా బుడ్డోని జాతి!" అన్నాను.

రైతు నవ్వి కొన్నాడు. బేరం కుదిర్చింది నేనేనని మురిసిపోయాను. నాయన తలెత్తకుండా పొట్లం కట్టాడు.

తర్వాత పెద్దపంజాణికి పోతే అవ్వ దొడ్డి ఖాళీగా ఉంది. ఆ తోలు మీది నల్లమచ్చ కళ్లముందు మెదిలింది.

ఇప్పుడు బేరం ఆపి, చెప్పులతను చెప్పిన ధరే ఇచ్చి వచ్చేశాను.