చోడి అంబలి పందెం

తవిటయ్య ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు ఖలాసీ. పగలంతా ఇనుపదిమ్మెలకు గొలుసులు బిగించి క్రేనుకు తగిలిస్తాడు. సాయంకాలం కాలనీ వ్యాయామశాలలో మరల ఇనుమునే ఎత్తుతాడు. నలుబది దాటిన దేహం. ఆ రెండవ ఇనుము మాత్రమే తన సొంతమని అతని నమ్మకం.

ఒకనాడు సబ్బవరంలో, అన్నగారి పశువులశాలలో, చచ్చిన దూడ తోలులో గడ్డి కూర్చి గేదె ముందు నిలబెట్టారు. ఆ బొమ్మను నాకుతూనే గేదె చేపి పాలిచ్చింది. చిన్నతనం నుండి ఎరిగిన సంగతే. అయినా ఆ పూట వదినగారిచ్చిన పాలు గ్లాసులోనే చల్లారిపోయాయి. పాలు మానాడు. ఆ వెనుక చేపలు, మాంసం, గుడ్లు కూడ ఒకటొకటిగా విడిచాడు.

విడువడం తేలికే, ఎత్తడమే కష్టమయింది. కసరత్తుకు ముందు ఉడికించిన చిలగడదుంప, తరువాత ఉలవగుగ్గిళ్ళు, గుప్పెడు వేరుశనగపలుకులు. ఆకలి తీరేది గాని అలసట తీరేది కాదు.

"ఏటి బావా, ఉలవలన్నీ నువ్వే మేసేత్తన్నావు. ఎడ్లకేటి మిగిల్సినావు?" అని వ్యాయామశాలలో జగ్గారావు ఎగతాళి చేసేవాడు.

భార్య గౌరీశ్వరికి అది ఎగతాళిగా తోచలేదు. అతని భుజాలు జారడం ఆమె చూస్తూనే ఉన్నది.

"వినాయక సవితి పోటీలో నిరుటి బరువు ఎత్తితే నీ ఇష్టం మావా. ఎత్తనేకపోతే నాను ఉడకబెట్టిన గుడ్డు నోరు మూసుకుని తినాల."

వాదించే ఓపిక లేక తవిటయ్య సరేనన్నాడు.

చవితినాడు ఎత్తాడు. కళ్ళకు చీకట్లు కమ్మాయి. బరువు తలపైన నిలిచింది. ముందుగా ఈల వేసినవాడు జగ్గారావే.

మరునాటి ఉదయం డ్యూటీకి సిద్ధమై వంటింటి గడపలో నిలిచిన తవిటయ్యకు, భార్య అతడు రోజూ తాగే చోడి అంబలిలో, ఆ రాగిజావలో, చెంబుతో ఏదో వంచడం కనిపించింది.

"ఏటే అది?"

"మజ్జిగ. మజ్జిగ నేకుండా అంబలెవులు తాగుతారు?"

"పాలు మానేసినాను కదే!"

"పాలు మానేసినావు. మజ్జిగ మానేసినానని ఎప్పుడు సెప్పినావు? రోజూ పోత్తనే ఉన్నాను."

ఆ మాటలో వంచన లేదు. ఆమె తల్లి పోసింది, అత్త పోసింది. ఆమె కూడ పోసింది. అంబలిలోని పులుపు, అది పులిసినందువల్లనే కలిగినదని ఇన్నాళ్ళూ అతడనుకున్నాడు.

తవిటయ్య పీటమీద చతికిలబడ్డాడు. నిన్నటి బరువు నడుములో ఇప్పుడు తెలిసింది.

"అయితే నిన్న ఎత్తింది నానొక్కడినే కాదు, గేదె కూడాను. పందెం నీదే. గుడ్డు ఉడకబెట్టు."

"గుడ్లెక్కడున్నాయి మావా? నా ఒక్కదానికీ వండుకోబుద్ధి కాక నానూ ఎప్పుడో మానేసినాను. నువ్వు సూసినావేటి?"

అతడు చూడలేదు. తన కంచంలో ఏమున్నదో వెదకుకోవడంతోనే అతని ఓపిక అయిపోయేది.

గౌరీశ్వరి మజ్జిగ పోసిన గిన్నెను తన వైపు జరుపుకుని, అతనికి వేరొక గిన్నెలో ఉత్త అంబలి పోసి, ఉల్లిపాయ చిదిపి పెట్టింది. నిన్నటి అన్నంలో గంజి, నీళ్ళు పోసి కుండలో మూత వేసింది.

"మజ్జిగకి బదులు తరవాణి పెడతన్నాను. పులిసిందాకా ఇదే తాగు."

"మరి పందెం?"

"మల్లీ సవితికి సూద్దుం."

మళ్ళీ ఒక ఏడాది. తవిటయ్య చప్పని అంబలి మెల్లగా తాగి, హెల్మెట్టు చంకన పెట్టుకుని, బస్సుకోసం నడిచాడు.