పెదబయలు పెట్టెలోకి లాగిన్

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో విశాఖలో నెట్‌వర్క్ ఇంజనీరుగా చేరాను. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది, పొగరు మాత్రం అప్పటికే పర్మనెంటయింది. పెదబయలులోని మా ఆఫీసులో రౌటర్ బిగించి వస్తూ, అక్కడి అటెండరమ్మకి వేలు చూపించి మరీ చెప్పాను. ఈ పెట్టె ఎవరూ ముట్టుకోకూడదు, ఫోన్లో ఎవరు చెప్పినా ఆపకూడదు, నా పేరు చెప్పినా సరే నమ్మకూడదు. ఆవిడ బుద్ధిగా తలూపింది.

నెల తిరక్కుండా మా మేనేజరు కొత్త పని అప్పగించాడు. అప్పటిదాకా ఆ రౌటర్లోకి వెళ్లేవాళ్ల పేర్లూ పాస్‌వర్డులూ దాంట్లోనే ఉండేవి. ఇకమీదట ఎవరు లాగిన్ అవబోయినా అది విశాఖలోని సర్వర్‌ని అడిగి, సరేనంటేనే రానివ్వాలి. సాయంత్రం నాలుగింటికి పెద్దసారు ముందు తనే లాగిన్ అయి చూపిస్తానన్నాడు. నా సీట్లో కూర్చునే సెట్టింగులు మార్చాను. పాత పేర్లన్నీ తీసేశాను. సర్వర్ అడ్రసులో మాత్రం ఒక అంకె తప్పు కొట్టాను. బయటికొచ్చి మళ్లీ వెళ్లబోతే, రౌటర్ ఎక్కడా లేని సర్వర్‌ని అడుగుతూ కూర్చుంది. నన్నూ రానివ్వలేదు.

మార్పులు సేవ్ చెయ్యకపోవడం ఒక్కటే నా అదృష్టం. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే పాత సెట్టింగులే వస్తాయి. అప్పటికే మూడయింది. బస్సెక్కితే చేరేసరికి చీకటి పడుతుంది, ఈలోగా నా ఉద్యోగం ఊడుతుంది. ఫోన్ చేశాను. సంత రోజు కావడంతో అక్కడ అటెండరమ్మ ఒక్కతే ఉంది.

"అక్కా, నేను విశాఖ ఇంజనీరుని. ఆ పెట్టె స్విచ్ ఒక్కసారి ఆపి మళ్లీ వెయ్యి, బేగి."

"నాను ఆపను. ఎవులు సెప్పినా ఆపొద్దని ఆ యమ్మ సెప్పి ఎల్లింది."

"ఆ అమ్మని నేనే."

"తన పేరు సెప్పినా నమ్మొద్దంది."

ఒళ్లు మండిపోయింది. నన్ను నేను తిట్టుకోలేక ఆవిడ మీద అరిచాను. ఆవిడ బెదరలేదు.

"పోనీ, ఆ యమ్మ మా ఇంటికాడ సోడంబలి తాగింది. ఎలాగుందో సెప్పు."

"చాలా బాగుందక్కా. గ్లాసుడూ తాగాను."

"అయితే నువ్వు ఆ యమ్మవి కాదు" అని ఫోన్ పెట్టేసింది.

దొరికిపోయాను. రౌటర్ బిగించిన రోజు వాళ్లింట్లో ఆవిడ ఇచ్చిన చోడి అంబలి, అదే పులిసిన రాగిజావ, రెండు గుక్కలు తాగాను. ఆవిడ లోపలికెళ్లగానే మిగతాదంతా పెరట్లో కోళ్లకు పోసి, మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసు చేతికిచ్చాను. ఎవరూ చూడలేదనే అనుకున్నాను. ఇంకో అరగంటే ఉంది. మేనేజరు నా వెనక అటూ ఇటూ తిరుగుతున్నాడు. పక్క సీట్లవాళ్లు వింటుండగానే మళ్లీ డయల్ చేశాను.

"అక్కా, నేను తాగలేదు. పులుపు పడక కోళ్లకు పోశాను. బాగుందని అబద్ధం చెప్పాను."

ఆవిడ రిసీవర్ పక్కన పెట్టింది. తర్వాత స్విచ్ టక్కుమన్న చప్పుడు రెండుసార్లు వినిపించింది. రిసీవర్ చెవికే పెట్టుకుని రౌటర్ లేచేదాకా ఆగాను. పాత పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి, సెట్టింగులన్నీ మళ్లీ మార్చి, ఈసారి అంకె సరిగ్గా కొట్టి, మూడుసార్లు చూసుకుని సేవ్ చేశాను.

"అయిపోయిందక్కా. నేనేనని నమ్మావా?"

"నమ్మాను. నచ్చనేదని ఆ రోజే సెప్పుంటే అన్నం ఒండీదాన్ని గదమ్మా. ఆకలితోటే ఎల్లిపోనావు."